వాల్టర్ మీద నింద

సెప్టెంబరు 7, ఆదివారం

నన్ను కుక్క కరవలేదు.

ఈ మాట ఈ రోజు ఆరాధన ముగిశాక చర్చి పార్కింగ్‌లో పదకొండు మందితో చెప్పాను. పన్నెండవ మనిషి నా వైపు రావడం చూసి కారెక్కాను. ఎడమ మణికట్టుకు ఉన్న కట్టు చూడగానే, నేను నోరు తెరవకముందే "అయ్యో పర్సిస్ అమ్మగారూ, కుక్క పీకేసిందటగా!" అన్నవారందరికీ ఇక్కడ, నా సొంత పుస్తకంలో, సక్రమంగా జవాబు రాసుకుంటున్నాను. ఆగస్టు 28, గురువారం ఉదయం, చెరువు చుట్టూ ఉన్న కాలిబాట మీద, వాల్టర్ ఉడతను చూసి లాగాడు. నేను తూలి చేయి ఆన్చాను. ఎముక చిట్లింది. ఇందులో పళ్ల ప్రసక్తి ఎక్కడా లేదు.

వాల్టర్‌కు అయిదేళ్లు. అరవై రెండు పౌన్లు. మూడేళ్ల క్రితం కౌంటీ జంతు శరణాలయం నుంచి తెచ్చుకున్నాను. ఆ పేరు నేను పెట్టింది కాదు. రెండేళ్లుగా ఒక పేరుకు పలుకుతున్న ప్రాణికి నా సరదా కోసం మరో పేరు అంటగట్టడం మర్యాద కాదనిపించి అలాగే ఉంచాను. ఈ మూడేళ్లలో వాడు కరిచినది ఒక్కటే, మా ఆయన ఆమోసు పాత చెప్పు. ఆమోసు పోయి తొమ్మిదేళ్లయింది, ఆయనకు అభ్యంతరం ఉండదు.

నాకు ఏమీ కాలేదు. అందుకు నిదర్శనంగా అక్టోబరు 11 నుంచి వారం రోజులకు ఎమరాల్డ్ ఐల్‌లో ఒక ఇల్లు బుక్ చేశాను. కుక్కలను రానిస్తారు. వెనుక కంచె ఉంది, మెట్లు దిగితే ఇసుక. ఇక్కడి నుంచి మూడు గంటల డ్రైవ్. వాల్టర్ ఇంతవరకు సముద్రం చూడలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

ప్రయాణానికి కావలసినవి: రేబీస్ టీకా పత్రం. మడిచే నీళ్ల గిన్నె. పాత తువ్వాళ్లు నాలుగు, ఉప్పునీరు ఆరిపోతే బొచ్చు చిక్కుపడుతుందట. వెనుక సీటుకు కట్టే బెల్టు. పొడుగు తాడు. వాల్టర్ తిండి కొలిచి ఏడు సంచుల్లో, ఎనిమిదోది అదనంగా. నాకు రెండు పుస్తకాలు, ఉప్మా రవ్వ, ఆవకాయ చిన్న సీసా.

ఆమోసు ఉన్న రోజుల్లో సెలవు అంటే ఎవరో ఒకరి పెళ్లి, లేదా డాలస్‌లో ఎవరో ఒకరి గృహప్రవేశం. ఊరికే వెళ్లి ఊరికే కూర్చునే ప్రయాణం నా జన్మలో ఇదే మొదటిది.

సెప్టెంబరు 12, శుక్రవారం

గృహ కూడిక నా మేనల్లుడు లెవి ఇంట్లో జరిగింది. నా ఇంటి వంతు వచ్చి మూడేళ్లయింది. కుక్క ఉన్న ఇంట్లో చాప మీద కూర్చోలేమని ఎవరూ నాతో అనలేదు. జాబితాలో నా పేరు మాత్రం ఆగిపోయింది. అడగడం నాకు చేతకాదు కనుక నేను అడగలేదు.

ప్రార్థన విన్నపాలు చదివే పని లెవి భార్య లూసీది. వరుసగా చదివింది. ఒకరి వీసా, ఒకరి ఉద్యోగం, ఒకరి కాన్పు, ఆ తరువాత "పర్సిస్ అత్తయ్యగారి కుక్కకాటు." నేను కళ్లు తెరిచాను. మిగతా అందరూ మూసుకునే ఉన్నారు. ఆ స్థితిలో ఎవరిని ఖండించను? మా పాస్టరు ధర్మారావు అయ్యగారు విషము ఆ శరీరములోనికి వ్యాపింపకుండునట్లు చాలాసేపు ప్రార్థించారు. ఎముక సంగతి ఎత్తలేదు.

టీ దగ్గర, మా నరసాపురం వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిపించుకున్నారా అండీ?"

"నన్ను కరవలేదమ్మా. లాగింది."

"లాగి కరిచిందా?"

"లాగింది. అంతే."

"మా మావయ్యా ఇలాగే అంతే అన్నాడండి. నలభయ్యో రోజున నీళ్లు చూసి భయపడ్డాడు. మీకు నీళ్లు చూస్తే ఎలా ఉంటోంది?"

ఆమె ఎదుటే గ్లాసెడు నీళ్లు తాగాను. ఆమె దీక్షగా చూసింది. తృప్తి పడలేదు.

నేను క్లినిక్‌లో "లాగింది" అన్నాను. లూసీ ఎవరితోనో "కుక్క పని" అంది. ఆ ఎవరో ప్రార్థన గ్రూపులో పెట్టారు. నాలుగిళ్లు తిరిగేసరికి పళ్లు మొలిచాయి.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇంకా ముగ్గురు అడిగారు. జవాబు చెప్పలేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

ఎమరాల్డ్ ఐల్ ఇంటివారి నుంచి ఒక ఫారం వచ్చింది. కుక్క వయసు, బరువు, టీకాల తేదీలు అన్నీ నింపాను. తొమ్మిదవ ప్రశ్న: ఈ జంతువు వలన ఎప్పుడైనా, ఎవరికైనా గాయమైందా? అవును, కాదు అని రెండు గళ్లు.

రెండూ ఖాళీగానే ఉన్నాయి.

ముప్పై ఒక్క సంవత్సరాలు మందుల ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడ నోటుపుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది కనబడనిచ్చి, సరైన అంకె పక్కన రాసి, సంతకం, తేదీ వేయాలి. నేను పదవీ విరమణ చేసినరోజు మా అధికారి నా పుస్తకాలు ఎత్తి చూపించి, ఇన్నేళ్లలో ఈమె ఒక్క రీడింగు కూడా సర్దలేదని అందరి ముందు చెప్పాడు. ఆ మాట నాకు ఏ బహుమతి కన్నా మిన్న.

ఫారం సొరుగులో పెట్టాను.

సెప్టెంబరు 18, గురువారం

సాయంత్రం లెవి, లూసీ వచ్చారు. లూసీ గడపలోనే నిలబడిపోయింది. వాల్టర్‌ను వెనుక గదిలో పెట్టి తలుపు వేస్తే గాని లోపలికి రాలేదు. కూరలు తెచ్చింది, వారం రోజులకు సరిపడా, డబ్బాల మీద పేర్లు రాసి మరీ.

"అత్తయ్యా, కోప్పడకండి," అన్నాడు లెవి. ఆ ముందుమాట వినగానే నాకు కోపం వచ్చింది. "గార్నర్ దగ్గర మా టీమ్‌మేట్ వాళ్ల పేరెంట్స్ ఉన్నారు. పదెకరాల ఫార్మ్. గుర్రాలున్నాయి. వాల్టర్ అక్కడ హ్యాపీగా ఉంటాడు."

"ఇక్కడ దిగులుగా ఉన్నాడని నీతో చెప్పాడా?"

"ఈసారి చెయ్యి. నెక్స్ట్ టైమ్ హిప్ అయితే? మీరు ఒక్కరే ఉంటారు."

"ఒక్కదాన్ని కాదు, వాల్టర్ ఉన్నాడు."

"మిమ్మల్ని పడేసిందే వాడు కదా అత్తయ్యా!"

దానికి నా దగ్గర జవాబు లేదు. కాదు, ఉంది. చెప్పలేదు.

"పోనీ మా ఇంటికొచ్చి ఉండండి," అంది లూసీ. "కింద బెడ్‌రూమ్ ఖాళీనే. కుక్క ఒక్కటే కుదరదు అత్తయ్యగారూ, నాకు ఎలర్జీ."

"సముద్రానికి వెళ్లి వచ్చిన తరువాత ఆలోచిస్తాను."

"అదే వద్దంటున్నాను," అన్నాడు లెవి. "కట్టుతో మూడు గంటలు డ్రైవ్, వెనకాల ఆ గున్న ఏనుగు. వాళ్లు అక్టోబరు ఫోర్త్, సాటర్‌డే రమ్మన్నారు. టెన్‌కి నేనొచ్చి తీసుకెళ్తాను. మీరు చూడలేరంటే లోపలే ఉండండి."

నేను మాట్లాడలేదు. మా కుటుంబాల్లో పెద్దవాళ్లు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్లు. అది లెవికీ తెలుసు, నాకూ తెలుసు.

వాళ్లు వెళ్లాక ఎమరాల్డ్ ఐల్‌కు ఫోన్ చేసి తేదీలు మార్చుకున్నాను. అక్టోబరు 3, శుక్రవారం నుంచి. శనివారం పది గంటలకు లెవి వచ్చేసరికి నేనూ, వాల్టర్ ఇసుక మీద ఉంటాం. ఇది పారిపోవడం కాదు. ముందుగా అనుకున్న సెలవును ఎనిమిది రోజులు ముందుకు జరపడం.

సెప్టెంబరు 21, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లూసీ లేచింది. "మా అత్తయ్యగారు కుక్కను ఇచ్చేయడానికి ఒప్పుకున్నారు, దేవునికి స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు. వెనుక వరుసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ధర్మారావు అయ్యగారు నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. నేనూ నవ్వాను. నా ముఖం మీద నాకే రోత పుట్టింది.

సెప్టెంబరు 23, మంగళవారం

ఉడత లేదు.

సెప్టెంబరు 24, బుధవారం

నిన్న ఆ రెండు మాటలు రాసి కలం మూత పెట్టేశాను. ఈ రోజు మిగతాది రాస్తాను. ఈ పుస్తకం చదివేవారు ఎవరూ లేరు కనుక భయపడవలసిన పని లేదు. అయినా చేయి ముందుకు సాగడం లేదు.

ఆ గురువారం చెరువు పక్కన చెక్కబల్ల దాటేటప్పుడు గడియారం చూశాను. ఏడూ పది. ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతోంది. వాల్టర్ నా పక్కనే, తాడు వదులుగా, బుద్ధిగా నడుస్తున్నాడు. ఆ తరువాత ఆకాశం. వీపు కింద కంకర. మణికట్టులో మంట. గడియారంలో ఏడూ ఇరవై ఆరు. మధ్యలో ఏమీ లేదు. తూలిన జ్ఞాపకం లేదు, భయపడిన జ్ఞాపకం లేదు. పదహారు నిమిషాలు ఎవరో కత్తిరించుకుపోయారు.

వాల్టర్ నా పక్కన బారుగా పడుకుని ఉన్నాడు, వాడి వీపు నా పక్కటెముకలకు ఆనించి. తాడు నా చేతిలో లేదు, నేల మీద పడి ఉంది. వెళ్లదలచుకుంటే వెళ్లేవాడే. చెరువులో బాతులు కూడా ఉన్నాయి, వాటిని చూస్తే వాడికి ప్రాణం ఆగదు.

లేచాను, కారు దాకా నడిచాను, ఒంటి చేత్తో క్లినిక్‌కు నడుపుకుంటూ వెళ్లాను. అక్కడ నర్సు అడిగింది, ఎలా పడ్డారు అని. తెలియదు అంటే ఏమవుతుందో నాకు తెలుసు. గుండె పరీక్ష, తల పరీక్ష, రాత్రికి అక్కడే ఉంచడం, లెవికి ఫోన్, చివరికి లైసెన్సు. ఈ ఊళ్లో కారు లేని మనిషి మరొకరి సమయం చూసుకుని ఊపిరి పీల్చాలి. అదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకుని, ఎంతో మామూలుగా, "నా కుక్క లాగింది" అన్నాను. ఆమె రాసుకుంది. ఉడత సంగతి తరువాత కల్పించాను, మాట అతుకుతుందని.

వాడు నోరు లేనివాడు. అందుకే వాడి మీద వేశాను. ఇక వాడిని ఉంచుకుంటానని నేను ఏ ముఖంతో వాదించను? వాడు మంచివాడని రుజువు చేయాలంటే నేను అబద్ధాలకోరునని రుజువు చేసుకోవాలి.

ఒకసారి జరిగింది. ఆ ఉదయం ఏమీ తినకుండా బయలుదేరాను. అదే కారణం అయి ఉంటుంది.

సెప్టెంబరు 27, శనివారం

శుక్రవారం ప్రయాణానికి సాధనగా వాల్టర్‌ను ఎక్కించుకుని కొంత దూరం వెళ్లి వచ్చాను.

రాయదగినది ఏమీ లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. లూసీ రెండుసార్లు ఫోన్ చేసింది. జలుబు అన్నాను. ఈ మధ్య అబద్ధం నాలుక మీదికి ఎంత తేలికగా వస్తోందో!

నిన్న ఇండియన్ స్టోర్ ముందున్న సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడి ఆగాను. వాల్టర్ వెనుక సీటులో బెల్టుతో ఉన్నాడు. అంతవరకు జ్ఞాపకం. తరువాత వాల్టర్ అరుపు. మామూలు మొరుగు కాదు, లోహం మీద లోహం గీసినట్లు. కళ్లు తెరిస్తే కారు కూడలి మధ్యలో ఉంది, మెల్లగా పాకుతోంది. నా పాదం బ్రేకు మీద లేదు. బ్రేకు తొక్కాను. నా బంపరుకు మూరెడు దూరంలో ఒక మనిషి సైకిలు మీద ఒక కాలు నేలకు ఆన్చి నిలబడి ఉన్నాడు. వెనుక బుట్టలో కొత్తిమీర కట్ట. తిట్టలేదు. హారన్లు కొట్టినవారు కొట్టారు. ఆయన మాత్రం దగ్గరకు వచ్చి అద్దం మీద తట్టి, "మామ్, ఆర్ యూ ఓకే?" అని అడిగాడు.

ఓకే అన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో రాయను. రాకూడని విధంగా, నడుపుకుంటూనే వచ్చాను.

నిన్నటినుంచి ఆ కొత్తిమీర కట్ట కళ్ల ముందునుంచి పోవడం లేదు. ఎవరికో వంట కోసం తీసుకువెళ్తున్నాడు.

సెప్టెంబరు 30, మంగళవారం

డాక్టర్ శ్రీవిద్య దగ్గరకు వెళ్లాను, టాక్సీ పిలిపించుకుని. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల. నాతో తెలుగు మాట్లాడడానికి పాపం తంటాలు పడుతుంది.

"ఆంటీ, చార్ట్‌లో డాగ్ పుల్ చేసింది అని ఉంది."

"అది తప్పు. దిద్దు."

"ఓ, వాళ్లు రాంగ్ రాసారా?"

"వాళ్లు విన్నది విన్నట్లు రాశారు. నేను అబద్ధం చెప్పాను."

ఆమె టైపు చేయడం ఆపింది. "ఆంటీ, మీరు?"

ఆ "మీరు" కన్నా తిట్టి ఉంటే బాగుండేది. చెరువు సంగతి, సిగ్నల్ సంగతి రెండూ చెప్పాను.

"ఎంతసేపు బ్లాంక్ అయింది ఆంటీ, సిగ్నల్ దగ్గర?"

"అది తెలిసే స్థితిలో ఉంటే దాన్ని బ్లాంక్ అనరు కదమ్మా."

నవ్వింది. వెంటనే ఆపుకుంది. తీగలు అంటించి గుండెకు ఇ.సి.జి. తీసింది. చాలాసేపు చూసింది. గుండె మధ్యమధ్య ఆగుతోందేమోనని అనుమానమట. రెండు వారాలు ఛాతీకి ఒక యంత్రం అతికించి ఉంచాలి. బహుశా పేస్‌మేకర్.

"డ్రైవింగ్ స్టాప్, ఆంటీ. టుడే నుంచి. మినిమమ్ సిక్స్ మంత్స్. తర్వాత చూద్దాం. నేను మీ కీస్ లాక్కోలేను, బట్ ప్లీజ్."

"లాక్కోనవసరం లేదు. కుక్క వలన గాయం అన్న మాట తీసేశావా?"

"తీసేయడం కుదరదు ఆంటీ, కింద కరెక్షన్ రాస్తాను."

"అదే సరైన పద్ధతి. రాసింది ఒకసారి నాకు చూపించు."

చూపించింది. చదివాను. కుక్కకు సంబంధం లేదు, రోగి స్పృహ కోల్పోయింది, ఇంతకుముందు చెప్పిన కారణం సరికాదని రోగి స్వయంగా తెలిపింది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు.

అక్టోబరు 1, బుధవారం

బస్సులో కుక్కలను ఎక్కించుకోరట. రైల్లో సంచిలో పట్టే చిన్నవాటికే చోటు. వాల్టర్ ఏ సంచిలో పడతాడు? టాక్సీవాడు అంత దూరం, అంత కుక్కతో రానన్నాడు. ఎమరాల్డ్ ఐల్‌కు ఫోన్ చేసి రద్దు చేశాను. కుక్క ఆరోగ్యం బాగాలేదా అని అడిగింది ఆ అమ్మాయి. కుక్క బాగానే ఉంది అన్నాను.

లెవిని అడిగితే తీసుకువెళ్తాడు. వాడు మంచివాడు. కానీ ఆ కారులో మూడు గంటలూ గార్నర్ గురించే మాట్లాడతాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి.

సర్దిన ఎనిమిది సంచులు విప్పి తిండి మళ్లీ డబ్బాలో పోశాను. వాల్టర్ పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ ఒలకడం చూశాడు. పాపం, ఎనిమిది పూటల భోజనం వస్తోందనుకున్నాడు.

అక్టోబరు 2, గురువారం

ధర్మారావు అయ్యగారికి ఫోన్ చేశాను. వందనాలు అయ్యాక, కుక్క కరవలేదు, లాగలేదు, నాకు స్పృహ తప్పింది, లాగిందని చెప్పింది నా నోరే అని చెప్పాను. ఆదివారం లూసీ చదివే జాబితాలో ఈ మాటలే చదవమన్నాను.

"ఇంతగా ఎందుకమ్మగారూ? దేవునికి తెలుసు కదా."

"దేవునికి మొదటినుంచీ తెలుసు అయ్యగారూ. తెలియనిది సంఘానికి."

ఆయన అన్నారు, "అయితే విషం కోసం ఉపవాసమున్నవాళ్లకి ఏం చెప్పమంటారు?"

"ఎముక కోసం ఉన్నట్లు జమ వేసుకోమనండి."

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లెవికి చెప్పవద్దన్నాను. నేనే చెప్పాలి.

అక్టోబరు 3, శుక్రవారం

ఈపాటికి మేము సముద్రం దగ్గర ఉండవలసినవాళ్లం.

రెండు దారులు ఉన్నాయని వారం నుంచి అనుకుంటూ వచ్చాను. వాల్టర్ గార్నర్‌కు వెళ్తే నేను కారు అట్టే పెట్టుకుని, ఆరు నెలలు ఆగి, గుండెలో యంత్రం పెట్టించుకుని, మళ్లీ ఎప్పటిలా తిరగవచ్చు. లెవి అడిగేది ఇదే, లూసీ మొక్కుకున్నది ఇదే. నాకు కూడా, నిజం రాస్తున్నాను, ఇదే ఇష్టంగా ఉండింది. రెండు రోజులు ఇష్టంగానే ఉండింది. కారు తాళం చెవి గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఈ దేశంలో లైసెన్సు తీసుకుని నలభై ఏడు సంవత్సరాలు. ఆమోసు నడపడం నేర్చుకోకముందే నేను నేర్చుకున్నాను. నన్ను ఫలానా చోట దింపండి అని ఎవరినీ అడగలేదు.

కానీ ఆరు నెలల తరువాత నాకు మళ్లీ కళ్లు బైర్లు కమ్మితే, నేను డాక్టరుకు చెబుతానా? చెప్పనని నాకు తెలుసు. తాళం చెవి చేతికి అందినంత కాలం చెప్పను. ఇంకో ఉడతను కల్పిస్తాను. ప్రయోగశాలలో తప్పు అంకె చూపే త్రాసును బల్ల మీద నుంచి తీసేయించిన దాన్ని, నన్ను నేను స్టీరింగు ముందు ఎలా ఉంచుకోను?

మధ్యాహ్నం రెండు గంటలకు మనుషులు వచ్చారు. కాగితాల మీద సంతకాలు నేనే చేశాను, కుడి చేత్తో. వాళ్లు కారు బయటికి తీస్తుంటే వాల్టర్ తలుపు దగ్గరకు పరుగెత్తి నిలబడ్డాడు, ఎక్కించుకుంటామని. మలుపు తిరిగేదాకా తోక ఊపాడు. నేను లోపలికి వచ్చి, గ్యారేజీ నేల మీద నూనె మరక ఉంటే సబ్బునీళ్లతో కడిగాను. పోలేదు.

కారు లేని ఈ ఇంట్లో పాలకు, మందుకు, మందిరానికి, దేనికైనా లెవి సమయం చూసుకోవాలి, లూసీ ముఖం చూసుకోవాలి. నా వంతు సముద్రం నేను ఎప్పుడో చూసేశాను. వాల్టర్‌కు అసలు రాలేదు.

రేపు పది గంటలకు లెవి వాల్టర్ కోసం వస్తాడు. వాల్టర్ వెళ్లడు. అమ్మేసినది కారును. ఇది ఎవరినీ అడిగి చేయలేదు, ఎవరితోనూ చర్చించబోవడం లేదు. కాఫీ ఇచ్చి, ఆదివారం చర్చికి నన్ను ఎక్కించుకు వెళ్లమని వాణ్ణి అడుగుతాను.